మంజూరైన భూకంపం

సంగంరేవు పురపాలక సంఘంలో విపత్తు సంసిద్ధతాధికారి అనే కుర్చీ ఒకటుందని, అందులో కూర్చున్న పరాంకుశరావుగారికి తప్ప ఊళ్ళో మరెవరికీ తెలియదు. ఏడేళ్ళపాటు ఆయన చడీచప్పుడూ లేకుండా కూర్చున్నారు. ఎనిమిదో ఏడు ఆయన్ని ఎక్కడో కొండ మీదున్న హోటల్లో మూడు రోజుల శిక్షణకు పంపించారు. వెళ్ళేటప్పుడు మనిషి మామూలుగానే వెళ్ళారు. వచ్చేటప్పుడు మెడలో ఈల వేసుకుని వచ్చారు.

వారం తిరక్కుండా ఇంటింటికీ తాఖీదు అందింది.

"విపత్తు ముందస్తు సమాచారమిచ్చి రాదు. కావున ప్రతి గృహమూ జతపరచిన జాబితాలోని ముప్పదియొక్క వస్తువులను ఏడు దినములకు సరిపడునట్లు సేకరించి, నీలి రంగు డ్రమ్మునందు భద్రపరచి, సదరు డ్రమ్మును వీధిలోనికి కనబడునట్లు గుమ్మమునకు మూడడుగుల లోపల నిలుపవలెను."

దీనికి గృహస్థాయి అత్యవసర సంసిద్ధతా సామగ్రి అని పేరు పెట్టారు. ఆఫీసులో పొట్టిగా గృ.అ.సం.సా. అన్నారు. ఊళ్ళో ఇంకా పొట్టిగా డ్రమ్ము అన్నారు.

కాలవగట్టు వీధిలో మాణిక్యాంబ ఇల్లు రెండే రెండు గదులు. కానీ ఆ వీధి మొత్తానికి మెట్లున్న డాబా అదొక్కటే. ముందు గదిలో పొడుగాటి బల్ల వేసి, పొద్దున ఆరింటి నుంచి ఆవిడ ఇడ్లీలు అమ్ముతుంది. ఆవిడ భర్త గవర్రాజు ముప్పై ఏళ్ళు రేవులో లాంచీ నడిపి పదవీ విరమణ చేశాడు. లాంచీ మీద ఉన్నన్నాళ్ళూ ఆయనకి టోపీ ఉండేది, పైఅధికారి ఉండేవాడు, రోజూ ఏదో ఒక ఉత్తర్వు ఉండేది. ఇంట్లో ఆ మూడూ లేక, ఏం చెయ్యాలో పాలుపోక కాలవ వైపు చూస్తూ కూర్చునేవాడు. అలాంటి మనిషి చేతికి ముప్పై ఒక్క వస్తువుల జాబితా వచ్చింది. ఇంక చూసుకోండి.

అటుకులు, బెల్లం, బిస్కెట్లు, నీళ్ళ సీసాలు, టార్చి, బ్యాటరీలు, తాడు, దూది, కట్టుగుడ్డ, చిన్న పొయ్యి, టార్పాలిన్ పట్టా, ఈల. నాలుగు రోజులు బజారంతా తిరిగి గవర్రాజు అన్నీ సంపాదించాడు. డ్రమ్ము తుడిచి బొట్టు కూడా పెట్టాడు. అయిదో రోజు పరాంకుశరావుగారే స్వయంగా తనిఖీకి వచ్చారు. గుమ్మం దగ్గర నుంచుని మూడడుగులు కొలిచి, సరిగ్గా గ్రైండరున్న చోట సుద్దముక్కతో సున్నా చుట్టారు.

"అక్కడ నా గ్రైండరుంటాదండి," అంది మాణిక్యాంబ.

"అమ్మా, గ్రైండరు అత్యవసర వస్తువుల జాబితాలో లేదు."

"మా ఇంట్లో అన్నిటికన్నా అత్యవసరం అదేనండి. పొద్దున్నే అది తిరక్కపోతే ఈ వీధి వీధంతా పస్తే."

"అది తమ వ్యక్తిగత విపత్తు. శాఖ పరిధిలోకి రాదు," అన్నారాయన, ఏ మాత్రం కోపం లేకుండా.

గ్రైండరు స్నానాల గదిలోకి వెళ్ళింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పిండి రుబ్బుతున్నంతసేపూ ఎవరికీ స్నానం లేదు. డ్రమ్ము మూతకి ఎర్రటి లక్క సీలు వేసి, "విపత్తు సంభవించిననే తప్ప ఈ సీలు తీయరాదు. తీసినచో ఆరు మాసములు కుళాయి కనెక్షను రద్దు" అని కాగితం అంటించారు. గవర్రాజు ఆ సీలుకి చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాడు. మాణిక్యాంబ ఆ చెయ్యికి పచ్చడి గిన్నె అందించి, బల్ల దగ్గరికి పంపించింది.

నెలనెలా తనిఖీ జరిగేది. సీలు తియ్యకూడదు కాబట్టి పరాంకుశరావుగారు డ్రమ్ముకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, కాసేపు వినేవారు.

"లోపల టార్చి వెలుగుతాదంటారా సార్?" అని అడిగాడు గవర్రాజు ఊపిరి బిగబట్టి.

"వెలుగుతుందా లేదా అన్నది సాంకేతిక విషయం. సీలు పదిలంగా ఉన్నదా లేదా అన్నదే పరిపాలనా విషయం," అని ఆయన రిజిస్టరులో టిక్కు పెట్టారు.

అంతా సవ్యంగానే సాగేది కానీ, బిస్కెట్ల మీద తేదీ ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్ళో సగం డ్రమ్ముల్లో బిస్కెట్లకి కాలం చెల్లింది. అప్పుడు తెలిసింది ఆ తాఖీదులో తొమ్మిదో నిబంధన ఒకటుందని. "కాలము చెల్లిన ఆహారమును డ్రమ్మునందు నిలువ ఉంచుట నేరము." సీలు తీస్తే కుళాయి పోతుంది. తియ్యకపోతే తొమ్మిదో నిబంధన కింద కుళాయి పోతుంది. మాణిక్యాంబ పక్కింట్లో ఉండే బీబమ్మ, డెబ్బయ్యేళ్ళ మనిషి, సీలు తీసి బిస్కెట్లు మార్చి మళ్ళీ మూత పెట్టింది. కుళాయి కట్టేశారు. రెండోసారి సీలు తీస్తే ఇంటి నంబరే రద్దు చేస్తామని తలుపు మీద కాగితం అంటించారు. నడి ఎండాకాలంలో ఆ ముసలావిడ మాణిక్యాంబ ఇంటి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకుంది.

"పెద్దావిడ బిందె మోస్తా ఉంటే చూళ్ళేకపోతన్నానండి," అంది మాణిక్యాంబ భర్తతో. "ఆ సీలుకి సెల్యూట్లు కొట్టడం మానెయ్యండి మీరు."

"రూలు రూలే కదే మాణిక్యం," అన్నాడు గవర్రాజు. అని, మర్నాటి నుంచి ఆ బిందెలు తనే మోశాడు.

వీధిలో ఆడవాళ్ళంతా కలిసి ఆఫీసుకు వెళ్ళారు. పరాంకుశరావుగారు వాళ్ళు చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. నిబంధనలో తప్పుందని ఆయనకి ఒక్క క్షణం కూడా తోచలేదు. ఆయనకి తోచింది వేరు. సీలు తియ్యాలంటే విపత్తు ఉండాలి. విపత్తులు రావడం లేదు. కాబట్టి లోటు విపత్తుల సరఫరాలో ఉంది.

రెండో తాఖీదు వచ్చింది. "గృహస్థులు తమకు కావలసిన విపత్తు నిమిత్తం నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకొనవచ్చును. అర్హులైన వారికి తేదీ, సమయము ఖరారు చేసి విపత్తు మంజూరు చేయబడును. మంజూరైన సమయమునందు మాత్రమే డ్రమ్ము తెరిచి వినియోగించుకొనవలెను. రెండు గంటల అనంతరం విపత్తు ముగిసినట్లు భావించబడును."

ఆ తర్వాత సంగంరేవులో వచ్చిన సందడి అంతా ఇంతా కాదు. వారం రోజుల అటుకులు, వారం రోజుల బిస్కెట్లు రెండు గంటల్లో ఖాళీ చెయ్యాలంటే ఇంట్లోవాళ్ళు చాలరు. దాంతో పిలుపులు మొదలయ్యాయి. "శుక్రవారం మా ఇంట్లో వరదండి, పిల్లల్ని తీసుకుని తప్పకుండా రావాలి." "మా అన్నయ్యగారింట్లో అగ్నిప్రమాదం ఉందండి, లేకపోతే వచ్చేవాళ్ళమే." పెళ్ళిచూపులు కూడా వరద రోజున పెట్టుకునేవాళ్ళు. అటుకులకి అటుకులు, హడావుడికి హడావుడి. మంజూరు కాగితాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి.

అందరికీ వరదే కావాలి. ఎందుకంటే వరదలో ముప్పై ఒక్క వస్తువులూ తెరవొచ్చు. అగ్నిప్రమాదానికి నీళ్ళ సీసాలు, పట్టా మాత్రమే. పాముకాటుకి కట్టుగుడ్డ తప్ప ఏదీ ముట్టుకోకూడదు. ఇంతలో పైనుంచి ఒక మాట వచ్చింది. ఒక ఊళ్ళో విపత్తులు మరీ ఎక్కువైతే ఆ ఊరు ప్రమాదకరమైనదని రాష్ట్రస్థాయి ర్యాంకు పడిపోతుందట. వెంటనే కోటా పెట్టారు. ఏడాదికి నలభై వరదలు, ముప్పై అగ్నిప్రమాదాలు, పాముకాట్లు పాతిక.

మాణిక్యాంబ డ్రమ్ములో బిస్కెట్లకి అక్టోబరు నెలాఖరు గడువు. ఆవిడ దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళేసరికి సెప్టెంబరు. కౌంటరులో సోమలింగం అనే గుమాస్తా కూర్చున్నాడు.

"వరద అయిపోయిందమ్మా. జూలైలోనే అయిపోయింది."

"ఒక్కటి కూడా లేదా బాబూ?"

"కౌన్సిలర్లకే చాల్లేదు. అగ్నిప్రమాదం ఒకటుంది గానీ తాటాకిల్లయితేనే ఇత్తారు. పాముకాటు కావాలా?"

"పాముకాటుకి బిస్కెట్లు తియ్యనివ్వరు కదా. నాకది దేనికి?"

సోమలింగం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "భూకంపం తీసుకోండి. ముప్పై ఒక్క వస్తువులూ తెరవచ్చు. అయిదుంటే ఒక్కటీ పోలేదు. మీకైతే నేనిప్పిత్తాను."

"మరి ఎవరూ తీసుకోలేదేం?"

"అధికారిగారి ఎదురుగుండా ఇంటిల్లిపాదీ బల్ల కింద గంటసేపు కూర్చోవాలమ్మా. ఈ ఊళ్ళో ఎవరింట్లో ఉంది అంత బల్ల?"

మాణిక్యాంబ ఇంట్లో ఉంది. అలా ఆవిడకి అక్టోబరు ఇరవై మూడు, గురువారం, ఉదయం పదకొండు గంటలకు భూకంపం మంజూరైంది. కాగితం చేత్తో పట్టుకుని గవర్రాజు వీధి వీధంతా చూపించి వచ్చాడు. ఊరికి మొట్టమొదటి భూకంపం తమ ఇంటికే రావడం ఆయనకి మహా గర్వంగా ఉంది.

ఆ మంగళవారం వాన మొదలైంది. బుధవారం ఆగలేదు. గురువారం తెల్లారేసరికి ఆకాశం మసిగుడ్డలా ఉంది. తొమ్మిదింటికి ఊరి పైన కాలవకి గండి పడింది. పావుగంటలో కాలవగట్టు వీధిలో చీలమండల లోతు, అరగంటలో మోకాళ్ళ లోతు నీళ్ళొచ్చాయి. ఇడ్లీ పాత్రలోకి నీళ్ళు రాకుండా మాణిక్యాంబ దాన్ని బల్ల మీదకి ఎక్కించింది.

అప్పుడే పురపాలక సంఘం మైకు వినిపించింది. "ప్రజలకు విజ్ఞప్తి. వరద వచ్చినదన్న పుకార్లను నమ్మవద్దు. ఈ ఆర్థిక సంవత్సరమునకు కేటాయించిన వరదలు పూర్తయినవి. మరియొక వరదకు అవకాశము లేదు." కాసేపటికి ఆ మైకున్న ఆటోలోకి నీళ్ళు వెళ్ళి, గొంతు బుడబుడమని ఆగిపోయింది.

సరిగ్గా పదకొండింటికి పరాంకుశరావుగారు వచ్చారు. ప్యాంటు తొడల దాకా మడిచి, ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన రిజిస్టరు, మెడలో ఈల. నిలువెల్లా తడిసిపోయి వణుకుతున్నారు. అంత వానలో అంత దూరం నడిచొచ్చిన మనిషిని చూసి మాణిక్యాంబకి ముందు జాలేసింది.

"భూకంపానికి వేళయింది," అన్నారాయన. "గృహస్థులు బల్ల కిందికి వెళ్ళవలెను."

"బల్ల కింద నీళ్ళున్నాయండి," అంది మాణిక్యాంబ.

"బల్ల కింద ఏమున్నదన్నది నిబంధనలో ప్రస్తావించలేదమ్మా."

"పోనీ బల్ల మీద కూర్చుంటాం."

"బల్ల మీద కూర్చుంటే అది అల్పాహారమవుతుంది. భూకంపం కాదు."

ఆవిడ నోరు తెరిచేలోగా గవర్రాజు చొక్కా విప్పి బల్ల కిందికి వెళ్ళిపోయాడు. గుండెల దాకా నీళ్ళలో బాసింపట్టు వేసుకుని, "మాణిక్యం, రావే, పెద్ద చల్లగా ఏం లేదు," అన్నాడు. పరాంకుశరావుగారు ఈల ఊది, "భూకంపం ప్రారంభమైంది," అని రిజిస్టరులో రాసుకున్నారు.

ఆ మాట రాసి చుక్క పెట్టేలోగా వీధి చివర నుంచి హోరుమని శబ్దం వచ్చింది. గండి పెద్దదైంది. నీళ్ళు గుమ్మంలోంచి ఒక్కసారిగా తోసుకొచ్చాయి. గవర్రాజు బల్లతో సహా పైకి లేచాడు. గుమ్మం దగ్గరున్న నీలం డ్రమ్ము, ఏడు రోజుల సంసిద్ధతతో, సీలు చెక్కుచెదరకుండా, మెల్లగా పైకి తేలి వీధిలోకి బయల్దేరింది.

"డ్రమ్ము!" అని అరిచారు పరాంకుశరావుగారు. "తాడు! తాడు వెయ్యండి!"

"తాడు డ్రమ్ములోనే ఉందండి!" అరిచింది మాణిక్యాంబ.

గవర్రాజు ఒక్క దూకులో దాన్ని పట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత చేతికి లాంచీ దొరికినట్టయింది ఆయనకి. నడుం లోతు నీళ్ళలో దాన్ని ఒడుపుగా తిప్పి, మాణిక్యాంబ వెనక నుంచి తోస్తుండగా, పరాంకుశరావుగారు రిజిస్టరు పళ్ళ మధ్య కరుచుకుని సాయం పడుతుండగా, డాబా మెట్లకి చేర్చాడు. ఈలోగా వీధిలోవాళ్ళంతా ఆ ఒక్క డాబా వైపే వస్తున్నారు. ఎవరి డ్రమ్ము వాళ్ళు ముందు తోసుకుంటూ, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. బీబమ్మ వచ్చింది. వెనక ఆవిడ కోడలు షంషాద్, గుడ్డలో చుట్టిన ఇరవై రోజుల పసిబిడ్డతో వచ్చింది. బీబమ్మ కొడుకు పొరుగూళ్ళో పనిలో ఉన్నాడు. వాళ్ళ డ్రమ్ముని గవర్రాజే మళ్ళీ దిగి తెచ్చాడు.

డాబా మీద ముప్పై మంది మనుషులు, ఎనిమిది నీలం డ్రమ్ములు. మాణిక్యాంబ తన డ్రమ్ము సీలు పగలగొట్టింది. పట్టా తీసి నలుగురు మగవాళ్ళ చేత పట్టించి, దాని కిందకి పిల్లల్ని తోసింది. అటుకులు, బెల్లం తలా గుప్పెడు పంచింది. ఇద్దరి కోసం పెట్టిన సామాను ముప్పై మందిలో ఎంతసేపు నిలుస్తుంది? పది నిమిషాల్లో డ్రమ్ము అడుగు కనిపించింది.

అప్పుడు పసిబిడ్డ ఏడుపు అందుకుంది. షంషాద్‌కి రెండు రోజులుగా జ్వరం, పాలు పడడం లేదు. డబ్బా పాలే పడుతున్నారు. ఆ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది, ఇల్లు నీళ్ళలో ఉంది.

"మీ డ్రమ్ములో పాలపొడి ఉంటాది కదా పిన్నీ," అంది మాణిక్యాంబ.

"ఉందమ్మా. కోడలు కడుపుతో ఉందని మళ్ళీ సీలేసేటప్పుడే పెట్టించారుగా," అని బీబమ్మ డ్రమ్ము మీద చెయ్యి వేసి, సీలు చూసి, పక్కనే నుంచున్న అధికారిని చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది రెండోసారి అవుద్ది మాణిక్యం. ఇంటి నంబరు తీసేత్తారంట. నంబరు పోతే ఆ ఇల్లు మాది కాదంటారు."

మిగతా ఆరు డ్రమ్ములవాళ్ళూ ఆ మాట విని తమ డ్రమ్ముల మీంచి చేతులు తీసేశారు. మాణిక్యాంబ పరాంకుశరావుగారి వైపు తిరిగింది.

"తియ్యమని చెప్పండి బాబూ. వరద కాదా ఇది?"

ఆయన పెదవులు చలికి నీలంగా ఉన్నాయి. అయినా మాట తడబడలేదు. "అమ్మా, వ్యక్తిగా నాకు సానుభూతి ఉన్నది. అధికారిగా నాకు వరద లేదు. నలభైకి నలభై ఖర్చయినవి. నలభై ఒకటవ వరదను నేను గుర్తించినచో ఊరి ర్యాంకు ఏమి కావలె?"

గవర్రాజు నీళ్ళోడుతూ ముందుకొచ్చాడు. ఆ మనిషి జీవితంలో పైఅధికారికి ఎదురు చెప్పడం మాణిక్యాంబ ఎప్పుడూ చూడలేదు.

"సార్, ముప్పై ఏళ్ళు లాంచీ నడిపేనండి. నీళ్ళని చూసి నీళ్ళు కాదనడం నా వల్ల కాదండి. వరద లేదంటే మీరు ఆ మెట్లు దిగి ఇంటికెళ్ళిపోండి మరి."

పరాంకుశరావుగారు నిజంగానే మెట్ల దాకా వెళ్ళారు. నిబంధనల ప్రకారం అభ్యంతరం లేదు కదా. పది మెట్లు దిగారు. పదకొండో మెట్టు కనిపించలేదు. గొడుగు చేతిలోంచి జారి, తలకిందులుగా, పడవలా వెళ్ళిపోయింది. ఆయన దాన్ని మలుపు తిరిగేదాకా చూసి, మళ్ళీ పైకొచ్చి, గోడవార కూర్చున్నారు. బిడ్డ గుక్కపెట్టింది.

గవర్రాజు ఇటుకరాయి అందుకుని బీబమ్మ డ్రమ్ము వైపు నడిచాడు. "నేను పగలగొడతాను. నా కుళాయే కట్టేసుకోండి."

"మీరాగండి," అంది మాణిక్యాంబ. ఆవిడకి తెలుసు, పగలగొట్టింది ఎవరైనా పోయేది బీబమ్మ ఇంటి నంబరే. ఈ మనిషితో కోపం పనికిరాదు, దండం పనికిరాదు. పొద్దున్నే బేరానికి వచ్చి చట్నీ కోసం గొడవపడేవాళ్ళతో ఎలా మాట్లాడుతుందో అలా, ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"బాబూ, మా ఇంటికి భూకంపం ఇచ్చారు కదండి."

"ఇచ్చితిమి. పదకొండు గంటలకు ప్రారంభమైనది. రిజిస్టరులో ఉన్నది."

"భూకంపమంటే భూమి ఊగడమే కదండి?"

"నిర్వచనం ప్రకారం అంతే."

"మరి మా ఇంటి కింద భూమి ఊగితే, బీబమ్మ పిన్ని ఇంటి కింద భూమి ఊరుకుంటాదా అండి? గోడకీ గోడకీ మధ్య మూరెడు సందు కూడా లేదు. భూకంపం మా గుమ్మం దాకా వచ్చి, నంబరు చూసుకుని, ఆగిపోద్దా అండి?"

పరాంకుశరావుగారు తలెత్తారు. ఆయన ముఖంలో ఏదో మెల్లగా వెలిగింది. కొండ మీద హోటల్లో మూడు రోజులు చెప్పినా రానిది ఇప్పుడు వచ్చింది. ప్లాస్టిక్ సంచిలోంచి రిజిస్టరు తీశారు. మోకాలి మీద పెట్టుకున్నారు. పట్టా కింద తల దూర్చి, పైకి చదువుతూ రాశారు.

"సదరు గృహమునకు మంజూరైన భూకంపము... భౌతిక స్వభావ రీత్యా... పరిసర గృహములకు ప్రసరించినదని... ఇందుమూలముగా గుర్తించడమైనది." సంతకం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని ఈల ఊదారు. "బీబమ్మగారూ! తమకు భూకంపం వచ్చినది. తెరవండి!"

"అల్లా నీకు మేలు చేస్తాడు నాయనా," అంది బీబమ్మ.

గవర్రాజు ఇటుకరాయి ఒక్కటే దెబ్బ. చిన్న పొయ్యి వెలిగింది, సీసా నీళ్ళు మరిగాయి, పాలపొడి కలిసింది. షంషాద్ ఒళ్ళో బిడ్డ రెండు గుక్కలు తాగి ఏడుపు ఆపేసరికి డాబా మీద అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. మాణిక్యాంబ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. వాన నీళ్ళేనని గవర్రాజుతో చెప్పింది.

వెనకవీధి మేడ మీదున్నవాళ్ళు ఇదంతా చూశారు. "ఏవండోయ్! మీరెలా తెరిచారండీ డ్రమ్ములు?" అని కేకేశారు.

"మాకు భూకంపం వచ్చిందండోయ్!" అని అరిచాడు గవర్రాజు.

"మాక్కూడా పంపించండి బాబూ!"

పరాంకుశరావుగారు ఖాళీ డ్రమ్ము బోర్లించి దాని మీదకి ఎక్కారు. ఏడేళ్ళు చప్పుడు చెయ్యని ఆ గొంతు వానకి అడ్డంగా ఖంగున మోగింది. "వెనకవీధి! ప్రసరించినది! తెరవండి!" వాళ్ళు తెరిచి, ఆ పక్కవాళ్ళకి అరిచారు. మేడ మీంచి మేడకి, పెంకుల మీంచి పెంకులకి భూకంపం పరిగెత్తింది. "మీకొచ్చిందా?" "ఆయ్, ఇప్పుడే వచ్చిందండి!" "బజారువీధికి పంపారా?" "వాళ్ళకెప్పుడో వెళ్ళింది, బెల్లం తినేత్తన్నారు!" మధ్యాహ్నం ఒంటిగంటకి ఊరంతా సీళ్ళు విరిగిన చప్పుడే. రెండు గంటల గడువు దాటుతోందని ఎవరో గుర్తు చేస్తే, పరాంకుశరావుగారు అటుకులు నములుతూ, "భూకంపానికి అనుప్రకంపనలు ఉంటాయి," అని పొడిగింపు రాసేశారు.

పడవలు మూడింటికి వచ్చాయి. పరాంకుశరావుగారు చివరి పడవలోకి, చివరి మనిషిగా దిగారు. ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు.

నీళ్ళు తీశాక నివేదిక వెళ్ళింది. అక్టోబరులో సంగంరేవులో వరదలు సున్నా. భూకంపం ఒకటి, ప్రసరించిన ఇళ్ళు రెండు వేల పైచిలుకు, ప్రాణనష్టం లేదు. ఇంత పెద్ద భూకంపాన్ని ఇంత నిబ్బరంగా ఎదుర్కొన్న ఊరు మరొకటి లేదని రాష్ట్రస్థాయిలో మొదటి ర్యాంకు ఇచ్చారు. పరాంకుశరావుగారికి జిల్లా కేంద్రంలో ఇంకా పెద్ద కుర్చీ వచ్చింది. వెళ్ళే ముందు ఆయన చేసిన ఆఖరి సంతకం బీబమ్మ కుళాయి తిరిగి ఇప్పించే కాగితం మీద. దాన్ని తనే తెచ్చిచ్చి, ఆవిడ పోసిన టీ తాగి వెళ్ళిపోయారు.

నెల రోజులకి రాజధాని నుంచి ముగ్గురు శాస్త్రవేత్తలు జీపులో పరికరాలేసుకుని దిగారు. అంత భూకంపం వస్తే తమ యంత్రాల్లో గీత కూడా కదలలేదేమిటని వాళ్ళకి నిద్ర పట్టడం లేదట. నివేదికలో ఉన్న నంబరు ప్రకారం భూకంప కేంద్రం వెతుక్కుంటూ తిన్నగా మాణిక్యాంబ ఇంటికొచ్చారు. గోడలు తట్టి చూశారు, ఎక్కడా బీట లేదు. నడుం ఎత్తున గోడ పొడుగునా ఆరిన బురద చార ఒకటుంది. దాన్ని గోకి, వాసన చూసి, సీసాలో వేసుకున్నారు. ఎంత ఆలోచించినా బోధపడక, వాళ్ళలో పెద్దాయన పుస్తకం తెరిచి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"చూడమ్మా, చాలా ముఖ్యమైన విషయం. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు. ఆ రోజు భూకంపం ఎలా వచ్చింది? పక్క నుంచి పక్కకా, కింద నుంచి పైకా?"

మాణిక్యాంబ ఆయన ముందు వేడివేడి ఇడ్లీ పళ్ళెం పెట్టి, కొంచెంసేపు ఆలోచించింది.

"తడిగా వచ్చిందండి," అంది.